రెండు కొసలూ ఒకే డబ్బాలో

ఆ శుక్రవారం పొద్దున మధుసూదన్‌రావు వకీలు చేయాల్సిన పని ఒక్కటే. కరీంనగర్‌లోని తన ఇంట్లో, తన ఆఫీసు గదిలో, తన కంప్యూటర్ ముందు కూర్చుని, హైదరాబాదులో ఉన్న హైకోర్టు జడ్జిగారితో నాలుగు ముక్కలు మాట్లాడాలి. ప్రయాణం లేదు, ట్రాఫిక్ లేదు, క్యాంటీన్ భోజనం లేదు. ఇంత సుళువైన పనిని చెడగొట్టుకోవాలంటే మనిషికి ఎంతో కొంత తెలివి ఉండాలి. ఆయనకు ఆ లోటు ఏనాడూ లేదు.

కేసు ఖానాపూర్ గంగయ్యది. అతని చేను వెనకాల ఉంది, తమ్ముడు కైలాసం చేను ముందర ఉంది. గంగయ్య బండి రోడ్డెక్కాలంటే తమ్ముడి చేలో బాట ఒక్కటే దిక్కు. ఎప్పుడో మాటకు మాట పెరిగి తమ్ముడు బాట మూస్తానన్నాడు, అన్న కోర్టుకెక్కాడు. మూయకూడదని ఇచ్చిన స్టే ఈ రోజుతో ముగుస్తుంది. ఎవరో ఒకరు అడిగి పొడిగించుకోకపోతే రేపు ఆ బాటకు ముళ్లకంచె పడుతుంది, తవ్విన పసుపంతా చేలోనే ఉండిపోతుంది. అందుకే గంగయ్య తెల్లవారకముందే బస్సెక్కి వచ్చి వకీలుగారి వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు. ఖానాపూర్ నుంచి ఆ వేళకు ఉన్నది ఆ ఒక్క బస్సే కాబట్టి కైలాసం కూడా అందులోనే వచ్చాడు. వచ్చి పక్కింటి వరండాలో కూర్చున్నాడు. అతని వకీలు అరుణ్‌కుమార్ ఉండేది ఆ పక్కింట్లోనే. కోర్టులో ఒకరినొకరు చీల్చి చెండాడుకునే ఈ వకీళ్లిద్దరికీ మధ్య ఉన్నది ఒక్క ప్రహరీ గోడ.

మధుసూదన్‌రావుకు వైఫై మీద నమ్మకం లేదు. "కంటికి కనవడని దాన్ని ఎట్ల నమ్ముతం? వైరంటే సాక్ష్యం," అనేవాడు. కానీ మేడ మీద గదుల్లో ఫోన్లు పనిచేయాలి కాబట్టి వైఫైని కూడా భరిస్తున్నాడు. హాల్లో ఒక రూటర్. దాని నుంచి ఒక వైరు ఆఫీసు గదిలోకి వచ్చి, బల్ల కింద ఉన్న ఎనిమిది రంధ్రాల డబ్బాలో దూరుతుంది. ఆ డబ్బా నుంచి కంప్యూటర్‌కు ఒక వైరు, ప్రింటర్‌కు ఒకటి, మేడ మీద ఉన్న రెండో రూటర్‌కు ఒకటి. పాత ల్యాప్‌టాప్ చచ్చిపోయాక దాని వైరు మాత్రం ఒక కొస డబ్బాలో, ఇంకో కొస నేల మీద పడి ఉండేది.

"రేపు జడ్జిగారికి మన గది కనవడుతది. జర సాఫ్‌గ ఉంచు," అని ముందురోజు భార్యకు చెప్పాడు. ప్రమోదిని ఉంచింది. ఎన్నడూ తెరవని లా పుస్తకాల దుమ్ము దులిపింది. నేల మీద పొర్లుతున్న వైరు కొస చూసింది, డబ్బాలో ఖాళీగా ఉన్న రంధ్రం చూసింది, దాన్ని ఇందులో పెట్టింది. టక్కుమంది. ఆమెకు తృప్తిగా అనిపించింది. ఒకే వైరు రెండు కొసలూ ఒకే డబ్బాలో పెడితే ఇంట్లోని నెట్ అంతా తనలో తనే గిరగిరా తిరిగి సొమ్మసిల్లుతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె భర్తకూ ఎవరూ చెప్పలేదు. ఆయనకు ఏదైనా చెప్పడం ఆ ఇంట్లో ఎప్పుడో మానేశారు.

పొద్దున ఆయన నల్లకోటు, తెల్లపట్టీ, పాలిష్ చేసిన బూట్లతో గదిలోకి వచ్చాడు. డబ్బా మీది లైట్లన్నీ పిచ్చెత్తినట్టు మిణుకుతున్నాయి.

"చూసినవా, నెట్ ఎట్ల ఉరుకుతున్నదో," అని భార్యకు గర్వంగా చూపించాడు.

తర్వాత కంప్యూటర్ తెరిచాడు. తెర మీద చిన్న చక్రం తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతూనే ఉంది.

"నా ఫోన్‌ల లింకు ఉన్నది, సిమ్ము నెట్ గుడ ఉన్నది గద. అండ్ల చూస్కోరాదుండ్రి," అంది ప్రమోదిని. హైకోర్టులో తను వాదించడం లోకమంతా చూడాలని ఆయన ఆ లింకును భార్యకూ, వేములవాడలో ఉన్న బావమరిదికీ, ఇంకా చాలామందికీ పంపాడు.

"హైకోర్టుకు ఫోన్‌ల హాజరైతరా ఎవలన్న? జడ్జిగారి ముందట చేతుల ఫోన్ వట్టుకొని, కూరగాయల బేరం లెక్క?"

ఆమె మళ్లీ చెప్పలేదు. చెప్పకపోవడం ఆమెకు బాగా అలవాటు.

ఇంట్లో ఫోన్లన్నీ కలిసి నెట్ తాగేస్తున్నాయని ఆయన మొదట తేల్చాడు. వైఫైలో ఉన్న ఫోన్లన్నీ బంద్ చేయించాడు, టీవీ ఆర్పించాడు, మేడెక్కి పై రూటర్ కూడా ఆర్పి వచ్చాడు. చక్రం తిరుగుతూనే ఉంది. అప్పుడు తప్పు కంపెనీదని తేల్చి ఫోన్ చేశాడు. "మీ కాల్ మాకు ఎంతో విలువైనది," అని ఒక రికార్డు గొంతు చెప్పింది. వకీలు గనక మాటను మాటగా నమ్మి, తర్వాత వచ్చిన పాట వింటూ చాలాసేపు నిలబడ్డాడు. సరిగ్గా లైను కలిసే వేళకు మధ్యలో బావమరిది ఫోన్ దూరింది.

"బావా, నువ్వు కనవడ్తలేవు. జడ్జిగారొక్కడే కనవడుతుండు."

అతన్ని తిట్టి పెట్టేసేసరికి కంపెనీ లైను తెగిపోయింది. మళ్లీ మొదటి నుంచి పాట విన్నాడు. పాట ముగియకముందే ఫోన్‌లో చార్జింగ్ ముగిసింది.

ఇక మిగిలింది సొంత తెలివి. భార్య దగ్గర పిన్నీసు అడిగి తీసుకుని, హాల్లోని రూటర్ వెనకాల ఉన్న సన్నటి రంధ్రంలో గుచ్చి పట్టుకున్నాడు. రూటర్ ఒకసారి కన్ను మూసి తెరిచింది. తెరిచాక దానికి ఈ ఇల్లూ గుర్తులేదు, ఈ ఇంటి వైఫై పేరూ గుర్తులేదు, పాస్‌వర్డూ గుర్తులేదు. అంతవరకు ఇంట్లో ఒక్క లోపమే ఉండేది. ఇప్పుడు వైరుకొకటి, వైఫైకొకటి, రెండయ్యాయి.

గేటు తీసుకుని అరుణ్‌కుమార్ పరుగున వచ్చాడు. అతనూ నల్లకోటులోనే ఉన్నాడు.

"అన్నా, నెట్ పోయింది గదనే."

"ఎవల నెట్?"

"మన నెట్."

మధుసూదన్‌రావు పిన్నీసు కింద పెట్టాడు. ఇన్నేళ్ల క్రాస్ ఎగ్జామినేషన్ అనుభవం ఒళ్లు విరుచుకుని లేచింది.

"నీ ఇంటికి నెట్ యాడికెళ్లి వస్తది అరుణ్?"

"గోడ దిక్కుకెళ్లి."

"గోడ అవతల ఎవలుంటరు?"

"అన్నా, కేసుకు టైం అయితున్నది."

"పాస్‌వర్డ్ ఎవలిచ్చిండ్రు?"

"ఎవలిచ్చుడేంది. వేములవాడ రాజన్న దేవుని పేరు వెట్టినవ్. ఈ జిల్లల సగం మందిది గదే పాస్‌వర్డ్."

సాక్షి నేరం ఒప్పుకున్నాడు. కానీ తీర్పు చెప్పే తీరిక లేదు. అరుణ్‌కుమార్ ఫోన్‌లోనైనా నెట్ ఉందా అంటే అదీ లేదు. పక్కన పుష్కలంగా ఉండగా ఫోన్‌లో ఎందుకు వేసుకోవాలని అతను ఎప్పుడో మానుకున్నాడు.

"వదిన ఫోన్ అడుగరాదే," అన్నాడు అరుణ్‌కుమార్.

"ఒకపారి వద్దన్న. మల్ల ఎట్ల అడగాలె?"

గంగయ్య పసుపు కన్నా వకీలుగారి మాట బరువైనది. అందుకని ప్రత్యర్థులిద్దరూ ఆఫీసు గదిలోకి వెళ్లి, కక్షిదారులు చూస్తే బాగుండదని తలుపు వేసుకున్నారు. కిటికీ వేయడం మాత్రం మరిచారు. నల్లకోట్లు రెండూ బల్ల కిందికి దూరాయి.

"వైర్లన్ని ఒక్కొక్కటి గుంజి చూద్దాం," అన్నాడు అరుణ్‌కుమార్. మంచి ఆలోచనే. ప్రింటర్ వైరు గుంజాడు, లైట్లు మిణుకుతూనే ఉన్నాయి. మేడ మీది వైరు గుంజాడు, మిణుకుతూనే ఉన్నాయి. తర్వాత ప్రమోదిని పెట్టిన కొస గుంజాడు. లైట్లన్నీ ఒక్కసారి నెమ్మదించాయి.

"సచ్చింది. పెట్టు, పెట్టు, ఎంబడే పెట్టు," అన్నాడు మధుసూదన్‌రావు.

అరుణ్‌కుమార్ పెట్టేశాడు. లైట్లు మళ్లీ పిచ్చెత్తాయి. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

తన వకీలు వెంట వచ్చిన కైలాసం, అన్న కూర్చున్న బెంచీకే రెండో చివర కూర్చున్నాడు. ఇద్దరూ చెరో దిక్కు చూస్తున్నారు. ప్రమోదిని చాయ తెచ్చి ఇద్దరికీ ఇచ్చింది. చాయ వేడిగా ఉంది, ఊదుకుంటూ ఎంతసేపని ఊరుకుంటారు.

"అవ్వకు మోకాళ్లు ఎట్లున్నయ్?" అన్నాడు కైలాసం గ్లాసుతో మాట్లాడినట్టు.

"నొస్తనే ఉన్నయ్. నిన్ను యాది జేస్తది. ఒక్కనాడు రాకపోతివి."

"కేసు నడుస్తుండంగ మాట్లాడొద్దన్నడు మా సారు. నేనొస్తె నువ్వు కట్టె వడతవట."

గంగయ్య చాయ గ్లాసు పక్కన పెట్టాడు. "నేను కట్టె వడుతనా నీ మీద? బాట సంగతి కూసొని మాట్లాడుకుందమని నేనే అన్న. నీ తమ్ముడు ఇననే ఇనడన్నడు మా సారు."

"నన్నెవలు అడిగిండ్రు?"

ఇద్దరూ కిటికీలోంచి లోపలికి చూశారు. బల్ల కింద నుంచి నాలుగు బూట్లు కనబడుతున్నాయి, తప్పు ఏ వైరుదో ఇద్దరూ గట్టిగా వాదించుకోవడం వినబడుతోంది. గంగయ్యకు కోపం రావాల్సింది. దానికి బదులు తమ్ముడు పక్కన కూర్చున్నాడన్న సంతోషం వచ్చి, తువ్వాలతో ముక్కు చీదుకున్నాడు.

"నీ కేసు ఎంత దాక వచ్చిందో చూద్దాం గంగయ్యా," అంటూ ప్రమోదిని తన ఫోన్‌లో లింకు తెరిచి కిటికీ అంచున నిలబెట్టింది. అదే వేళకు కేసు నంబరు పిలిచారు. ఆమె ఏది నొక్కిందో ఏమో, మైకు కూడా తెరుచుకుంది.

"పిటిషనర్ తరఫున ఎవరున్నారు?" అన్నారు జడ్జిగారు.

గంగయ్య లేచి నిలబడ్డాడు. "నేనే ఉన్న సారూ. గంగయ్యను."

"మీ వకీలు ఎక్కడ?"

గంగయ్యకు కోర్టులో అబద్ధం చెప్పకూడదని తెలుసు. "బల్ల కింద ఉన్నడు సారూ."

జడ్జిగారు కళ్లద్దాలు సర్దుకున్నారు. "ప్రతివాది వకీలో?"

"ఆయన గుడ గా బల్ల కిందనే ఉన్నడు," అన్నాడు కైలాసం, అన్న భుజం మీదుగా తల పెట్టి.

"మీరెవరు?"

"తమ్మున్ని సారూ. బాట నాదే."

జడ్జిగారు కాసేపు ఆ రెండు ముఖాలనూ చూశారు. ఆయనకు ఆ పూట ఇంకా చాలా కేసులున్నాయి. "మీ ఇద్దరికీ అసలు గొడవేమిటి?"

"ఇప్పుడైతె ఏం లేదు సారూ," అన్నాడు కైలాసం. "బండి మంచిగ పోయేటంత ఇడుస్త. నాకు తెల్వక పంచాయితి అయింది. పసుపు చేన్లనే ఉంటె మా అవ్వ నన్ను ఇంట్లకు రానిస్తదా?"

"మీకు సమ్మతమేనా గంగయ్యగారూ?"

గారు అనిపించుకున్న గంగయ్య తువ్వాల భుజాన సర్దుకున్నాడు. తల గట్టిగా ఊపాడు.

రాజీకి ఒప్పుకున్నట్టు జడ్జిగారు నమోదు చేయిస్తుండగా, లోపల మధుసూదన్‌రావు కాలు తిమ్మిరెక్కి విదిలించాడు. బూటు ముక్కుకు తగిలి ఒక వైరు ఊడింది. అది ప్రమోదిని పెట్టిన కొస. బల్ల మీది కంప్యూటర్‌లో చక్రం ఆగి, జడ్జిగారి గొంతు వినిపించింది. నల్లకోట్లు రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ బల్ల కింద నుంచి లేచి తెర ముందుకు వచ్చాయి. మధుసూదన్‌రావు నెత్తి మీద బూజు ఉంది.

"మైలార్డ్, గంగయ్య తరఫున…"

"గంగయ్య తరఫున గంగయ్య మాట్లాడారండీ," అన్నారు జడ్జిగారు. "కేసు ముగిసింది. ఇంతకూ తమరిద్దరూ ఎవరు?"

వేములవాడ బావమరిదితో సహా బంధువర్గమంతా ఆ ప్రశ్నను స్పష్టంగా విన్నది. ఆయన కోరుకున్నట్టే అందరికీ ఆయన చక్కగా కనబడ్డాడు.

మధ్యాహ్నం బస్సుకు అన్నదమ్ములు వెళ్లిపోయారు. సాయంత్రం వకీళ్లిద్దరూ కూర్చుని లోపం ఎక్కడ జరిగిందో విచారించారు. ఆ వైరు పెట్టింది తనేనని ప్రమోదిని చెప్పబోతే, నడుమ మాట్లాడొద్దన్నారు. మధ్యలో వకీలు లేకుండా రెండు పార్టీలు నేరుగా కలిసిపోవడమే ఇంత అనర్థానికి మూలమని చివరికి ఏకగ్రీవంగా తేల్చారు. అప్పటి నుంచి విచారణ ఉన్న రోజున మధుసూదన్‌రావు కక్షిదారులెవరినీ గేటు దాటనివ్వడం లేదు.