నల్లా అర్జీకి నక్షత్ర బలం

నయాపూల్ దగ్గరున్న నీటి నల్లా అనుమతుల ఉపకార్యాలయం వారు ఇకమీదట ప్రతి అర్జీనీ నక్షత్రం చూసే పరిష్కరిస్తారని ప్రజలకు సంతోషంతో తెలియజేయడమైనది. ఈ సంస్కరణకు కారకురాలు గౌలిపుర సక్కుబాయి. ఆమెకు సన్మానం చేయాల్సిందే గానీ, పాపం, ఆమెకు కావలసింది నల్లా.

బడిలో ఊడ్చే పని చేసే సక్కుబాయి అర్జీ పెట్టి నాలుగేళ్ళయింది. పదో తరగతి చదివే కూతురు రూప రోజూ పొద్దున ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడి రెండు క్లాసులు పోగొట్టుకుంటోంది. పరీక్షలు ముంచుకొస్తున్నాయి. ఆఫీసు నుంచి మాత్రం "మీ అర్జీని కన్సిడర్ చేస్తున్నాము" అని క్రమం తప్పకుండా ఉత్తరం వస్తోంది. ఆ విషయంలో వారిని వేలెత్తి చూపడానికి లేదు.

ఒకనాడు ఆమె వెళ్ళి సూపరింటెండెంటు అనంతపద్మనాభం గారి ముందు నిలబడింది.

"సారూ, నాలుగేండ్ల సంది కన్సిడర్ చేస్తున్నమంటున్రు. గట్ల చేసుడంటే ఏం చేస్తరో జర చెప్పుండ్రి."

ఆ ప్రశ్న ఆఫీసులో అంతవరకూ ఎవరూ అడగలేదు. అనంతపద్మనాభం గారిది అర్చకుల వంశం, పైగా ఇంగ్లీషు ఎమ్మే. లావుపాటి నిఘంటువు దింపి, దుమ్ము దులిపి చదివారు. కన్సిడర్ అనే ఆ క్రియ లాటిన్ నుంచి వచ్చిందట. మొదట్లో దాని అర్థం నక్షత్రాలను పరికించి చూడటమట. ఆయన కళ్ళు చెమర్చాయి. తాము నాలుగేళ్ళుగా చేసింది ఆలస్యం కాదు, రోమను కాలం నాటి శాస్త్రమని తేలిపోయింది. ఇన్నాళ్ళూ పంచాంగం లేకుండా ఫైళ్ళు చూసినందుకు లెంపలేసుకున్నారు.

మర్నాడే సర్క్యులర్ వెలువడింది. అర్జీదారులు జన్మనక్షత్రం, పాదం నింపాలి. పరిశీలన బాధ్యత గుమాస్తా డానియేలుది. అతనికి తెలిసిన నక్షత్రం ఒక్కటే, డిసెంబరులో ఇంటి ముందు కట్టేది. అయినా ప్రమోషన్ దగ్గర్లో ఉంది గనుక ఇరవై ఏడూ బట్టీ పట్టాడు. సక్కుబాయికి తన నక్షత్రం తెలియదు. పుట్టిననాడు మస్తు వాన పడ్డదని వాళ్ళమ్మ చెప్పేది, అంతే. డానియేలు ఆ గడిలో "వాన" అని తానే రాసి, అటువంటి నక్షత్రం లేదని తానే అర్జీ తిప్పి పంపాడు.

సక్కుబాయికి ఒళ్ళు మండింది. ఇల్లిల్లూ తిరిగి, మంగళవారం అందరం పోయి ఆఫీసు ముందు కూర్చుందామంది. గల్లీ గల్లీ అంతా ఆఫీసును తిట్టిపోసింది. చదువుకున్నవాళ్ళు ఆ మూఢత్వానికి కడుపుబ్బా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్విన రామ్‌చందర్ చివర్లో గొంతు తగ్గించాడు.

"తప్పకుంట పోదాం అక్కా. గని మంగళవారం అమాస పడ్డది. జర మంచి దినం చూసుకొని పోదాం."

అందరూ తలలూపారు. మంగళవారం సక్కుబాయి ఒక్కతే పోయి కూర్చుంది. ఒక్కతే కూర్చుంటే ధర్నా కాదని డానియేలు ఆమెకు గ్లాసెడు మంచినీళ్ళిచ్చి పంపించాడు. గల్లీవాళ్ళు మంచి దినం ఇంకా చూస్తూనే ఉన్నారు. రూప పరీక్షలు మాత్రం ఏ దినమూ చూసుకోకుండా వచ్చి వెళ్ళిపోయాయి.