అశోక్‌నగర్ గుంతలో గాలం

ఆ శనివారం కిషన్ రావు పెట్టుకున్న పని చాలా చిన్నది. పొద్దున ఉప్మా తిని, భార్య కమలను స్కూటరు వెనక ఎక్కించుకుని, చిక్కడపల్లి నుంచి నారాయణగూడ దాకా పోయి ఒక గాలం కర్ర కొనాలి. సాయంత్రం కాచిగూడలో నెల్లూరు బండి ఎక్కాలి. ఆదివారం ఉప్పుటేటి ఒడ్డున సడ్డకుడు శ్రావణ్ నోరు మూయించాలి.

శ్రావణ్ అంటే కమల చెల్లెలి మొగుడు. నెల్లూరు వైపు ఓడరేవులో ఉద్యోగం. తాను పుట్టింది నల్లకుంటలో అన్న సంగతి ఉద్యోగం వచ్చిన మరునాడే మరచిపోయాడు. రెండేళ్లుగా ఫోనులో ఒకటే పాట. "అన్నా, మీ హైదరాబాదోళ్లకు చేప అంటే తక్కెట్ల ఉండేదే. నీళ్లల్ల ఉంటే గుర్తు పడ్తరా." చివరికి పందెం కుదిరింది. అక్కడ ఉప్పుటేటిలో ఒక చేప ఉంటుంది. దాని తల చపాతీలా చదును. ఇసుకలో ఒళ్లు దాచుకుని పడుకుంటుంది. రబ్బరు చేపను ఎరగా వేసి దాన్ని పట్టాలి. ఎవరికెక్కువ పడితే వాళ్లు గెలిచినట్టు. మామ ధర్మారావు ఆ నెలంతా శ్రావణ్ ఇంట్లోనే ఉన్నాడు కాబట్టి తీర్పు ఆయనదే. మామ ముందు ఓడిపోతే ఆ ఓటమిని ప్రతి పెళ్లిలో, ప్రతి బారసాలలో పప్పుతో పాటు వడ్డిస్తారు. కిషన్ రావుకు అది తెలుసు. అందుకే వారం రోజులు నెట్ సెంటర్లో కూర్చుని గాలం కర్రల గురించి చదివాడు. ఎంత చదివాడంటే, ఏ కర్ర కొనాలో పూర్తిగా తెలియకుండా పోయింది.

నారాయణగూడలో రాఘవేందర్‌ది ఆటసామాన్ల దుకాణం. బ్యాట్ల వెనక, క్యారం బోర్డుల పక్కన రెండు గాలం కర్రలు దుమ్ము పట్టి ఉన్నాయి. ఒకటి లావుది, పోలీసు లాఠీకి పెద్దన్న. రెండోది సన్నది, కొస ముట్టుకుంటే వణుకుతుంది.

"లావుదే తీసుకో," అంది కమల. "గట్టిగుంటది. చేపలు పడకుంటే బట్టలారేసుకోవచ్చు."

"అడుగు తెల్వాలె కమలా. రబ్బరు చేపకు సీసం గుండు ఉంటది. అది అడుగుకు తగలాలె, మనం కొస లేపితే ఎగరాలె, మళ్ల తగలాలె. ఆ తగులుడు చేతికి రావాలె. లావుదానికి ఏం తెలుస్తది."

"మరి సన్నది తీసుకో."

"పెద్ద చేప పడితే ఇరుగుతదేమో."

కమల కౌంటరు మీద మోచెయ్యి ఆనించి భర్తను చూసింది. "పెండ్లిచూపులప్పుడు గూడ గింత ఆలోచన చెయ్యలే నువ్వు."

"గాలిల ఊపితే అన్నీ ఒక్క తీరుగనే ఉంటయన్నా," అన్నాడు రాఘవేందర్. "కొన్నంక వాపస్ లేదు. నీళ్లల్ల ఏసి చూసుకుంటనంటే రెండూ తీస్కపోండ్రి. అక్క ఈడ కూసుంటది."

"అంటే నన్ను కుదువ పెట్టుకుంటవా," అంది కమల.

"కుదువ ఏందక్కా. ఫ్యాన్ కింద కుర్చీ ఏస్త."

కిషన్ రావు దారం చక్రాలు బిగించిన రెండు కర్రలతో, ఒక రబ్బరు చేపతో బయటపడ్డాడు. నారాయణగూడలో నీళ్లు ట్యాంకరులో తప్ప కనబడవు. కానీ అశోక్‌నగర్‌లో ఒక గల్లీ ఉంది. ఆరు నెలల కింద పైపు కోసమని దాన్ని తవ్వారు. తవ్విన కాంట్రాక్టరు పూడ్చడం మరచిపోయాడు గాని బిల్లు తీసుకోవడం మరచిపోలేదు. పైపు కారి గల్లీ నిండింది. కోచింగు పిల్లలు పుస్తకాలు నెత్తిన పెట్టుకుని గోడలు పట్టుకుని నడుస్తున్నారు. అధికారులకు ఎన్ని దరఖాస్తులు పెట్టినా ఆ గుంత మాత్రం ఎవరికీ కనబడలేదు. కిషన్ రావుకు కనబడింది. అడుగున ఇసుక, పైన నీళ్లు. అతనికి ఇంకేం కావాలి.

స్కూటరు గోడకు ఆనించి, ముందు లావు కర్రతో రబ్బరు చేపను అంచునే విసిరాడు. కొస లేపాడు, దించాడు. చేతికి ఏమీ తెలియలేదు. సన్న కర్రతో విసిరాడు. టిక్కుమని తగిలింది. ఇంకోసారి లేపాడు. టిక్కు. అతని మొహం వెలిగింది. కానీ ఒక్కసారికి నమ్మే మనిషి కాడు.

అది 2012. ఆ రోజుల్లో గల్లీకో టెంటు, టెంటుకో మైకు. ఈ గల్లీ మొగలో టెంటు వేసినవాడు ఎల్లేశం, కాలనీ నాయకుడు. గుంత పూడ్చాలని ఆ రోజే నిరాహార దీక్ష. దండలొచ్చాయి, మైకొచ్చింది, టీవీ విలేకరి వచ్చాడు. దీక్షకు కూర్చోవాల్సిన పెద్దమనిషి మాత్రం రాలేదు. ఆయన చిక్కడపల్లి హోటల్లో రెండో ప్లేటు ఇడ్లీ మీద ఉన్నట్టు కబురొచ్చింది. విలేకరి కెమెరా సర్దేస్తున్నాడు. ఎల్లేశం ఏం చెయ్యాలో తోచక వెనక్కి తిరిగాడు. ఎవరో మర్యాదస్తుడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గల్లీ గుంతలో గాలం వేస్తున్నాడు.

ఆరు నెలలుగా ఎంతమంది అరిచినా రాని ఆలోచన. ఎల్లేశం పరుగున పోయి కిషన్ రావు మెడలో దండ వేశాడు. విలేకరి కెమెరా విప్పాడు.

"అశోక్‌నగర్‌లో వినూత్న నిరసన," అన్నాడు విలేకరి మైకులో. "సార్, ఈ గుంతలో ఎందుకు గాలం వేస్తున్నారు?"

కిషన్ రావు నిజమే చెప్పాడు. "అడుగు ఎక్కడున్నదో తెల్వాలని."

"ప్రభుత్వానికి మీరిచ్చే సందేశం?"

"రబ్బరు చేపతోటి తెలుస్తదని అనుకుంటున్న."

గల్లీ అంతా చప్పట్లు కొట్టింది. మిద్దెల మీద జనం. కిషన్ రావు దండ తియ్యబోయాడు. ఎల్లేశం చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, దండ పడ్డంక మీరు దీక్షల ఉన్నట్టే. అధికారి వచ్చి నిమ్మరసం ఇయ్యాలె, అప్పుడే లేవాలె. నడుమ లేస్తే గల్లీ పరువు పోతది."

"నాకు సాయంత్రం బండి ఉన్నది. నేను పొద్దుగాల్ల ఉప్మా గూడ తిన్న."

"ఉప్మా సంగతి మెల్లగ చెప్పుండ్రి, మైకు ఆన్ల ఉన్నది."

ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. స్కూటరుకు జెండా కట్టేశారు. కిషన్ రావు గాలం వేస్తూనే ఉన్నాడు. అధికారి ఎంత తొందరగా వస్తే తనకు అంత తొందరగా విడుదల. మధ్యాహ్నానికి వార్త అన్ని ఇళ్లలోకీ పోయింది. రాఘవేందర్ దుకాణంలోని టీవీలోకి కూడా పోయింది.

కాసేపటికి కమల ఆటో దిగింది, వెనక రాఘవేందర్.

"నన్ను కుర్చీల కూసోబెట్టి నువ్వు గీడ దండలేపిచ్చుకుంటున్నవా."

"పరేషాన్ల ఉన్న కమలా. నిమ్మరసం వచ్చేదాక ఇడుస్తలేరు."

"మరి కర్ర?"

"ఇంకా తేలలే."

అప్పుడు జీపు వచ్చింది. ఇంజనీరు దిగాడు. అలవాటైన మనిషి. నిమ్మరసం ఫ్లాస్కులో, హామీ జేబులో ఎప్పుడూ సిద్ధంగా పెట్టుకుని తిరుగుతాడు. గ్లాసులో పోసి కిషన్ రావు చేతికిచ్చి కెమెరా వైపు తిరిగాడు.

"ఇదంతా పైనీళ్లేనండి. జానెడు లోతు కూడా లేదు. వారంలో పరిశీలిస్తాం."

కిషన్ రావు గ్లాసు పెదవి దాకా తెచ్చాడు. బండికి ఇంకా టైముంది. గల్లీ చివరి బస్తీలో ఉండే మాసమ్మ బిందె చంకన పెట్టుకుని ముందుకొచ్చింది. పాలమూరు నుంచి వచ్చి కూలి పని చేసుకుంటున్న మనిషి.

"తాగు సారూ, నీకేం. నువ్వు తాగినంక గీయన పోతడు, నువ్వు పోతవు. గుంత ఉంటది, మేముంటం."

కిషన్ రావు గ్లాసును గోడ మీద పెట్టాడు. ఏం చెయ్యాలో తెలియక, చేతిలో ఉన్న సన్న కర్రతో ఊరికే ఒకసారి గుంత నడిమికి విసిరాడు. రబ్బరు చేప మునిగింది. టిక్కు రాలేదు. చక్రం తిరుగుతోంది. దారం పోతోంది. పోతూనే ఉంది.

"సార్," అన్నాడు కిషన్ రావు మెల్లగా, "జానెడన్నరు గదా. ఇది ఇంకా దిగుతున్నది."

లావు కర్ర తీసి అక్కడే వేశాడు. దానికి అడుగున్నదీ తెలియలేదు, లేనిదీ తెలియలేదు. మళ్లీ సన్నది వేశాడు. సీసం గుండు ఒక ఇటుక అంచుకు తగిలి, ఆగి, మళ్లీ జారింది. గుండ్రంగా చుట్టూ తడిమి చూశాడు. అంచు, అంచు, అంచు, నడిమిట్ల ఖాళీ.

"మ్యాన్‌హోలు," అన్నాడు. "మూత లేదు."

మాసమ్మ బిందె కింద పెట్టింది. "నేను దినాం దాని పక్కనుంచే పోతున్న," అంది. కోచింగు పిల్లలు తమ కాళ్ల వైపు చూసుకున్నారు.

ఇంజనీరు గ్లాసు వైపు చూపించాడు. "ముందు మీరు విరమించండి, తర్వాత మాట్లాడుకుందాం."

కిషన్ రావు మనసులోకి కాచిగూడ స్టేషను వచ్చింది, పోయింది. శ్రావణ్ నవ్వు వచ్చింది, అది మాత్రం పోలేదు. అయినా గ్లాసు తీసి జీపు బానెట్ మీద పెట్టాడు.

"నిమ్మరసం యాడికి పోతది సార్. ముందు మూత. మూత పడేదాక నేను గాలం ఏస్తనే ఉంట, మీరు చూస్తనే ఉండాలె."

కమల అతని వైపు కొత్తమనిషిని చూసినట్టు చూసింది. తర్వాత కొంగు నడుముకు చుట్టి జీపు ముందు రోడ్డు మీద కూర్చుంది. మాసమ్మ పక్కన కూర్చుంది. ఇరవైమంది ఆడవాళ్లు బిందెలతో కూర్చున్నారు. విలేకరి ఇవన్నీ ఎక్కడా ఆపకుండా చూపించాడు. ఇంజనీరు ఫోను తీశాడు. అరవాల్సిన చోట అరిస్తే ఏమవుతుందో అప్పుడు తెలిసింది. ఆరు నెలలు దొరకని మోటారు దొరికింది, మట్టి లారీ దొరికింది, పైపు అతికే మనిషి దొరికాడు. నీళ్లు తోడేస్తే నోరు తెరుచుకున్న మ్యాన్‌హోలు బయటపడింది. పొద్దు వాలేలోపు ఇనుప మూత పడింది, గుంత పూడింది. మాసమ్మ ఆ మూత మీద రెండు కాళ్లతో నిలబడి చూసి, తలూపింది. అప్పుడు కిషన్ రావు నిమ్మరసం తాగాడు. వేడెక్కిపోయింది గాని, గటగటా తాగాడు.

"ఏది తీసుకుంటున్నరన్నా మరి?" అన్నాడు రాఘవేందర్.

"సన్నది."

"పైసలొద్దు. అక్క కుర్చీల కూసొని రెండు బ్యాట్లు, ఒక క్యారం బోర్డు అమ్మింది. నేను ఆర్నెల్లల్ల అమ్మలే."

బండి తప్పింది. ఎల్లేశం గల్లీ జనంతో కలిసి ఊరేగింపుగా తీసుకుపోయి మొగుడూపెళ్లాలను నెల్లూరు బస్సెక్కించాడు.

ఆదివారం ఉప్పుటేటిలో కిషన్ రావు పొద్దంతా విసిరాడు. సన్న కర్ర ప్రతి గులకరాయినీ చేతికి చెప్పింది. చేప ఒక్కటీ పడలేదు. శ్రావణ్‌కు మూడు పడ్డాయి. మూడింటినీ ఎత్తి చూపుతూ ఇంట్లోకి వచ్చాడు. మామ ధర్మారావు కళ్లద్దాలు సర్దుకుని ఆ చేపలను చూడలేదు, పెద్దల్లుడిని చూశాడు. నిన్న మధ్యాహ్నం నుంచి ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. శ్రావణ్ క్రికెట్ పెట్టబోతే రిమోటు తొడ కింద పెట్టుకున్నాడు.

"మామా, లెక్క చూడుండ్రి, మూడు," అన్నాడు శ్రావణ్.

"చేపలు ఎవడన్న పడ్తడు బిడ్డా," అన్నాడు ధర్మారావు. "ఇంజనీరును రోడ్డు మీద నిలవెట్టి మూత ఏపిచ్చినోడు మన ఇంట్ల ఒక్కడే ఉన్నడు. కమలా, నడిమి ముక్కలు మీ ఆయనకెయ్యి."

శ్రావణ్ పళ్లెంలో తోక పడింది.