విక్రమసింహుడి శుద్ధరక్తం

"జాతులూ కులాలూ మనిషి గీసిన గీతలు! మూగజీవికి ఆ గీతలు తెలియవు. మూగజీవిని ప్రేమించేవాడికీ తెలియవు!"

అమెరికాలో మా అరోరా ఊరి తెలుగువారి భూతదయా సంఘం ప్రారంభోత్సవంలో దామోదర్‌గారు ఈ మాట అన్నప్పుడు హాలు దద్దరిల్లింది. దామోదర్‌గారంటే సామాన్యులు కారు. నలభై ఏళ్లు రక్తవ్యాధుల డాక్టరుగా పనిచేసి రిటైరైనవారు. సంఘానికి ఆయన అధ్యక్షులు. కార్యదర్శిని నేను, హనుమయ్యను. రంగుల కంపెనీలో కెమిస్టుగా చేసి రిటైరయ్యాను. అధ్యక్షులు మాట్లాడతారు, కార్యదర్శి కుర్చీలు సర్దుతాడు. దయ అలా రెండు భాగాలుగా నడుస్తోంది.

ఆయనకొక కుక్క ఉంది. కుక్క అనకూడదట, జర్మన్ షెపర్డ్ అనాలి! పేరు విక్రమసింహ. దాని తాతముత్తాతల పేర్లున్న కాగితాన్ని ఫ్రేము కట్టించి ముందుగదిలో తగిలించారు. ఆయన సొంత ముత్తాత ఫొటో మాత్రం బేస్‌మెంట్‌లో ఉంది.

నాకూ ఒక కుక్క ఉంది. పకోడి. దిక్కులేని కుక్కల షెల్టర్ నుంచి తెచ్చుకున్నాను. ఒక చెవి నిలబడుతుంది, రెండోది నిలబడదు. ముప్పై కిలోల మంచితనం.

పొద్దున్నే నది పక్క దారిలో ఎదురుపడేవాళ్లం. పకోడి తోకాడిస్తూ విక్రమసింహ దగ్గరికి పోబోతే దామోదర్‌గారు గొలుసు బిగించేవారు.

"మీవాడిది ఏ జాతన్నారు, హనుమయ్యగారూ?"

"తెలీదండీ."

"పోనీ, తండ్రి?"

"వాడికీ తెలీదండీ."

"పాపం," అని ఆయన గడ్డి మీదుగా చుట్టుతిరిగి వెళ్లిపోయేవారు. అప్పట్లో విక్రమసింహకు సంబంధం చూస్తున్నారు. నేపర్‌విల్‌లో రేణుగారి ఆడ షెపర్డ్‌తో మాటలు నడుస్తున్నాయి. ఇలాంటి సమయంలో మావాడితో స్నేహమంటే ఎదుటివాళ్లు ఏమనుకుంటారు!

ఏప్రిల్‌లో ఒక శనివారం ఉదయం నైనిక ఫోన్ చేసింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మా ఊరి జంతువుల ఆసుపత్రిలో డాక్టరు.

"హనుమయ్య అంకుల్, పకోడిని తీసుకుని వెంటనే రాగలరా? ఒక డాగ్‌కి బ్లడ్ కావాలి. ఎమర్జెన్సీ."

ఆమె దగ్గరున్న రక్తదాతల పట్టికలో పకోడి పేరుంది. ఇద్దరం కార్లో పడ్డాం.

వెళ్లేసరికి బల్ల మీద పడుకుని ఉన్నది విక్రమసింహ! చిగుళ్లు సున్నంలా తెల్లబడ్డాయి. గరాజ్‌లో ఎలుకల మందు తిని నాలుగు రోజులైందట. రక్తం గడ్డకట్టే గుణం పోయి, లోపల్లోపలే కారిపోతోంది. దామోదర్‌గారి భార్య సరోజగారు దాని తల నిమురుతూ నిలబడి ఉన్నారు. ఆయన నన్ను చూసి ఆశ్చర్యపోయారు.

"మీరేంటి ఇక్కడ?"

"డోనర్ వచ్చేశాడు అంకుల్!" అంది నైనిక సంతోషంగా, పకోడి వీపు తడుతూ.

దామోదర్‌గారు పకోడిని చూశారు. పడిపోయిన చెవిని మరీ ప్రత్యేకంగా చూశారు.

"షెపర్డ్ ఎవరూ దొరకలేదామ్మా?"

"బ్లడ్‌కి బ్రీడ్ ఉండదు అంకుల్, టైప్ ఉంటుంది. పకోడి టైప్ ఓకే. ఒకసారి మ్యాచ్ చూసి స్టార్ట్ చేస్తాను."

"బ్లడ్ బ్యాంక్ నుంచి తెప్పించలేవా?"

"త్రీ అవర్స్ పడుతుంది."

"వెయిట్ చేద్దాం. ఆ బ్యాగ్ మీద బ్రీడ్ రాసి ఉంటుందా?"

నైనిక ఆయన్ని వింతగా చూసింది. "అంకుల్, మీరు హెమటాలజిస్ట్ కదా? వాడు త్రీ అవర్స్ ఉండడు."

ఆయన నన్ను పక్కకు లాగారు. "మీరేమీ అనుకోకండి. నాకు పట్టింపుల్లేవని మీకు తెలుసు. కానీ రేపు రేణుగారికి తెలిస్తే..."

"డాక్టరుగారూ, మీరు నలభై ఏళ్లు రక్తాలెక్కించారు. ఏ పేషెంటుకైనా ఆ రక్తం ఏ ఇంటిదో చెప్పారా?"

"వాళ్లు మనుషులండీ! మనుషులకేం, ఎవరిదైనా సరిపోతుంది!"

ఈ లోపల సరోజగారు నైనిక చేతిలోంచి ఒప్పుదల కాగితం తీసుకున్నారు. ఇన్నేళ్ల పరిచయంలో ఆవిడ గొంతు నలుగురిలో పైకి లేవడం నేనెరగను.

"ఏమండీ, మీరు జాతి చూసుకుంటూ కూర్చోండి. నేను ప్రాణం చూసుకుంటాను," అని సంతకం చేసేశారు.

పకోడి పక్కకు తిరిగి పడుకుని, చెంచాడు పీనట్ బటర్ నాకుతూ, ఒక సంచీ రక్తం ఇచ్చాడు. ఎవరికిస్తున్నావని వాణ్ణి అడిగినవారు లేరు, వాడూ అడగలేదు. దామోదర్‌గారు అంతసేపూ గోడవైపు తిరిగి, పిల్లుల దంతసంరక్షణ గురించిన పోస్టర్ శ్రద్ధగా చదివారు.

మధ్యాహ్నానికి విక్రమసింహ చిగుళ్లు గులాబీరంగుకు తిరిగాయి. కళ్లు తెరిచి తోక ఒక్కసారి ఆడించాడు. సరోజగారు ఏడ్చేశారు. నాకూ కళ్లు చెమర్చాయి. దామోదర్‌గారు నా చెవి దగ్గరికి వంగి, "ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి," అన్నారు. ఉండనిచ్చాను.

మే నెలలో సంఘం వార్షికోత్సవం. ముఖ్య అతిథి నైనిక. ముందు వరసలో రేణుగారు. దామోదర్‌గారు మైకు అందుకున్నారు.

"మా విక్రమసింహ మృత్యుముఖం నుంచి బయటపడ్డాడు. రక్తమిచ్చిందెవరు? మరొక మేలుజాతి షెపర్డ్! ఎంతైనా రక్తం రక్తాన్ని గుర్తుపడుతుంది!"

చప్పట్లు! నైనిక నావైపు చూసింది. నేను కుర్చీలు లెక్కపెడుతున్నట్టు నటించాను.

అంతటితో ఆగితే ఆయన దామోదర్‌గారెందుకవుతారు! జేబులోంచి కవరొకటి తీశారు. సంబంధం ఖాయం చేసుకునే ముందు రేణుగారు జాతి పరీక్ష చేయించమన్నారట, ఆ ఫలితం వచ్చిందట. కవరు ఇంకా విప్పలేదు. అంత నమ్మకం! మనవరాలు ఇషాను వేదిక మీదికి పిలిచి, "గట్టిగా చదువు తల్లీ," అన్నారు.

"జర్మన్ షెపర్డ్... ఫార్టీ టూ పర్సెంట్," చదివింది ఇషా.

"కింద చదువమ్మా, కింద ఉంటుంది."

"చౌ చౌ, ట్వంటీ వన్. హస్కీ, టెన్. తాతా, మిగతాది ఎవరో వాళ్లకి కూడా తెలీదు అంట!"

రేణుగారు హ్యాండ్‌బ్యాగులో ఏదో వెతకడం మొదలుపెట్టారు. దామోదర్‌గారి ముఖం ఎర్రబడింది, నల్లబడింది, ఉన్నట్టుండి వెలిగింది.

"తెలిసింది! ఇదంతా ఆ పకోడి రక్తం! ఆ వీధికుక్క రక్తం ఎక్కించబట్టే మావాడి జాతి చెడింది!"

నలభై ఏళ్లు రక్తం చదివిన డాక్టరు అన్న మాట ఇది!

"మరి ఇందాక మేలుజాతి షెపర్డ్ అన్నారు?" వెనక నుంచి ఎవరో అడిగారు.

"నువ్వు చెప్పమ్మా నైనికా! రక్తం వల్లే కదూ?"

నైనిక లేచింది. "లేదు అంకుల్. టెస్ట్ శాంపిల్ మార్చిలో తీశాం. పకోడి బ్లడ్ ఇచ్చింది ఏప్రిల్‌లో."

రేణుగారి సంబంధం ఆ సాయంత్రమే తప్పిపోయింది. దామోదర్‌గారు విక్రమసింహతో బయటికి రావడం మానేశారు. సరోజగారు తీసుకొస్తున్నారు. ఆయన ఇప్పుడొక పర్షియన్ పిల్లిని తెచ్చుకున్నారు. కాగితాలు పక్కా అట.

కిందటి ఆదివారం సంఘం ఎన్నికలయ్యాయి. ఆ హాల్లో ఉన్నవాళ్లే, ఆ మాటలు విన్నవాళ్లే అందరూ. అధ్యక్ష పదవికి దామోదర్‌గారి ఒక్క పేరే వచ్చింది. సరోజగారు మాత్రం లేచి బయటికి వెళ్లిపోయారు. అనుకూలమైనవాళ్లని చేతులెత్తమన్నారు. అన్ని చేతులూ లేచాయి.

నాదీ లేచింది. కార్యదర్శిని నియమించేది అధ్యక్షులే మరి!