ఇంజనుగారి రక్తపరీక్ష

నీటి సరఫరా ఆఫీసులో రికార్డులు చూసే గుమాస్తాను అందరూ ఇంజనుగారు అంటారు. కుర్చీలో కునుకు పట్టిందంటే ఆయన గురక మూడు గదులు దాటుతుంది. మధ్యలో ఊపిరి కాసేపు ఆగిపోయి, మళ్ళీ ఒక్క కుదుపుతో అందుకుంటుంది. ఆ కునుకులకు మేనేజరు ఇప్పటికే రెండు మెమోలు ఇచ్చాడు. మూడోది వస్తే ఉద్యోగానికే ఎసరు.

నిద్రలో ఊపిరి ఆగే జబ్బని డాక్టరు తేల్చాడు. రెండు వారాలు రాత్రిపూట ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టుకోమని, ఆ తరువాత ఒత్తిడి హార్మోన్లు తగ్గాయో లేదో రక్తంలో చూద్దామని చెప్పాడు. గడువు పూర్తయిన ఉదయం, ఎనిమిదింటికి రక్తం ఇచ్చేసి పదింటికల్లా ఆఫీసులో ఉండాలని ఇంజనుగారు బయలుదేరారు. ఆసుపత్రి ల్యాబు ముందు బారెడు వరుస ఉంది. ఆఫీసు టైపిస్టుకు ఫోన్ చేశారు.

"అమ్మా, ఆక్సిజన్ మీద ఉన్నాను కదా, ఈ రక్తం సంగతి తేలేసరికి ఆలస్యమయ్యేట్టుంది. మేనేజరుగారికి చెప్పు."

టైపిస్టు చెప్పింది, ఆక్సిజన్ పెట్టారట, రక్తం దొరకడం లేదట అని. ఆ మాట మేడ ఎక్కేసరికి నాలుగు సీసాల రక్తం కావలసి వచ్చింది. దిగేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు. మెమోలు గుర్తొచ్చి మేనేజరుకు ముచ్చెమటలు పోశాయి. రక్తమిస్తామన్న ముగ్గురు గుమాస్తాలను వెంటేసుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు.

అక్కడ ల్యాబు బయట బల్ల మీద ఇంజనుగారు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి ఉన్నారు. తోడొచ్చిన భార్య తన టీ కోసం క్యాంటీనుకు వెళ్ళింది. మేనేజరు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఊపిరి లేదు. కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు.

"నన్ను క్షమించవయ్యా. సెక్షన్ హెడ్డు పోస్టు నీకే రావాలి. మా తోడల్లుడి కొడుక్కి ఇప్పిద్దామని నేనే నీ ఫైలు తొక్కిపెట్టాను. ఆ మెమోలు కూడా అందుకే."

ముగ్గురు గుమాస్తాలూ విన్నారు. టీ కప్పుతో వచ్చిన భార్య కూడా విన్నది. భర్త వంక ఓసారి చూసి, "కాస్త ఆగండి అన్నయ్యగారూ, ఇప్పుడొస్తుంది," అంది.

వచ్చింది. కిటికీ అద్దాలు అదిరేలా ఒక గుర్రు పెట్టి ఇంజనుగారు లేచి కూర్చున్నారు. మేనేజరు వెల్లకిలా పడ్డాడు. నర్సు మేనేజరును మంచమెక్కించి, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం తగిలించింది. పక్క మంచం మీద ఇంజనుగారు నింపాదిగా రక్తం ఇచ్చారు.

హార్మోన్లు కాస్త తగ్గాయని సాయంత్రం ఫలితం వచ్చింది. నలుగురు విన్న మాటను మింగేయడం మేనేజరు వల్ల కాలేదు. సోమవారం ఇంజనుగారికి సెక్షన్ హెడ్డు గది ఇచ్చారు.

ఆ గదికి లోపలి గడియ ఉంది.