ఇంటిమనిషిని వెంటబెట్టుకు రావలెను

ఆ ఉదయం మస్తాన్‌రావు పెట్టుకున్న పని చిన్నదే. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటిమనిషినొకరిని వెంటబెట్టుకుని, నరసరావుపేట ట్రాఫిక్ స్టేషన్లో కౌన్సెలింగుకు కూర్చుని, బండి విడిపించుకోవడం. చొక్కా ఉంది. ఇంటిమనిషే లేదు.

ఆదివారం సాయంత్రం బార్ నుంచి వస్తూ వినుకొండ రోడ్డు మీద ఊదే మిషన్‌కి దొరికిపోయాడు. కోర్టులో పదివేల దాకా జరిమానా పడుతుందనీ, జైలు కూడా ఉండొచ్చనీ కానిస్టేబుల్ చెబితే బెదరలేదు. "మీ ఆవిడనో, అన్ననో తీసుకురా. వాళ్ళు సంతకం పెడితేనే బండి" అన్నప్పుడు మాత్రం చెమటలు పట్టాయి. భార్య వరలక్ష్మి పోయి నాలుగేళ్ళు. పిల్లల్లేరు. ఫోన్‌లో పేర్లు వెతికితే గ్యాస్ ఏజెన్సీ, కేబుల్ టీవీ, తను పనిచేసే పత్తిమిల్లు మేనేజరు తగిలారు. మిల్లు ఊరికి చాలా దూరం. బండి లేకపోతే ఉద్యోగమూ ఉండదు.

గోడ అవతల జాకెట్లు కుట్టే రబియాను అడిగాడు. "చూద్దాంలే అన్నా, పెళ్ళోళ్ళ జాకెట్లు ఇయ్యాలి" అంది. చూద్దామంటే రానట్టే అనుకుని, మేడ మీదుండే ఇల్లుగలాయన బ్రహ్మయ్యనూ అడిగాడు. ఆయన "తాగి బండి నడిపేటోణ్ణి నడిబజార్లో నిలబెట్టాల" అని తనివితీరా తిట్టి, వస్తానన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఇద్దరినీ విడివిడిగా బతిమాలాడు. తీరా చూస్తే స్టేషన్‌కి ఇద్దరూ వచ్చారు.

"ఈమె ఎవరు?" అన్నాడు కానిస్టేబుల్.

"చెల్లెలు సార్. రబియా."

"మీరు?"

"బాబాయిని. బ్రహ్మయ్య."

కానిస్టేబుల్ పెన్ను ఆగింది. "ఏందయ్యా ఇది, బంధువుల్ని అద్దెకు తెచ్చావా?"

"ఒక నెల మా బజార్లో కాపురముండండి సార్, మీకూ ఏదో ఒక వరస కలుపుతాం" అంది రబియా.

ఈ మాటతో కానిస్టేబుల్‌కి ఒళ్ళు మండి ఎస్సైగారిని పిలిచాడు. ఆయన ముగ్గురినీ ఎగాదిగా చూశాడు. "దొంగ బంధువులైతే ఇంకో కేసు రాస్తా. చెప్పండి, ఈయనకి ఏ కూర ఇష్టం?"

"గోంగూర మాంసం!" అన్నాడు బ్రహ్మయ్య ధీమాగా. మస్తాన్‌రావు పుట్టి బుద్ధెరిగి మాంసం ముట్టలేదు.

"ఇష్టం సంగతి నాకు తెలవదు సార్" అంది రబియా. "రోజూ పప్పుచారే కాస్తాడు. రాత్రిపూట ఒక్క కంచం కడిగిన చప్పుడు ఇనపడుద్ది. ఆదివారం అదీ ఇనపడదు."

మస్తాన్‌రావు తల దించుకున్నాడు. తను తిన్నదీ లేనిదీ ఈ భూమ్మీద ఎవరికీ పట్టదనుకున్నాడు. గోడ అవతల ఒకరు వింటూనే ఉన్నారు. ఏడుపొచ్చింది, దగ్గినట్టు నటించాడు. ఎస్సైగారు కాగితం కానిస్టేబుల్ వైపు జరిపాడు. "చెల్లెలి సంతకం తీసుకో" అన్నాడు కానిస్టేబుల్‌తో. "బండి మాత్రం లైసెన్సున్నోళ్ళకే ఇయ్యి, ఈయన లైసెన్సు రేపిద్దాం."

"నాకుంది లైసెన్సు" అని బ్రహ్మయ్య ముందుకొచ్చాడు.

"అయితే ఒకసారి ఊదండి. రూలు."

"నన్నా? నన్ను ఊదమంటావా?" అని రంకెలు వేసి, ఊదాడు. మిషన్ కీచుమంది.

"రాత్రిది. ఇంకా దిగినట్టు లేదు" అన్నాడు బ్రహ్మయ్య. ఆ గొంతు ఆయనదేనా అనిపించేంత మెల్లగా.

"ఇక్కడికెట్టా వచ్చారు?"

"స్కూటర్ మీద."

కానిస్టేబుల్ సంతోషంగా కొత్త కాగితం తీశాడు. "స్కూటర్ లోపల పెట్టండి. ఇంటిమనిషిని పిలిపించండి."

"ఎవరూ లేరు. మా ఆవిడ అలిగి కారంపూడిలో తమ్ముడింటికి పోయింది. ఏడాదయింది."

మస్తాన్‌రావు నిర్ఘాంతపోయాడు. రాత్రిళ్ళు మేడ మీద అడుగుల చప్పుడు వింటూ, పైన మొగుడూ పెళ్ళాం నిక్షేపంగా ఉన్నారని కుళ్ళుకునేవాడు. అడుగులు ఒక్కరివేనని ఏనాడూ తట్టలేదు.

"బాబాయికి నేనున్నా సార్" అన్నాడు. "రాసుకోండి. కొడుకు వరస."

బండినీ స్కూటర్‌నూ ఒకదాని తర్వాత ఒకటి రబియాయే ఇంటికి చేర్చింది. ముగ్గురిలో లైసెన్సుండి, ఊదితే మిషన్ నోరెత్తనిది ఆమె ఒక్కతే. రెండు తాళాలూ కుట్టుమిషన్ సొరుగులో పడ్డాయి. రోజూ పొద్దున్నే ఇద్దరూ ఆమె ముక్కు ముందు ఊది తీసుకెళ్ళాలి.

ఆ తర్వాతి ఆదివారం బాబాయీ కొడుకూ మేడ మీదే కూర్చుని తాగారు. ఇంటికి మెట్లు దిగి వెళ్ళడానికి లైసెన్సు అక్కర్లేదు.