తువ్వాల అంచులో మూరెడు మాట

మంగళవారం పొద్దున పోస్టాఫీసు గుమాస్తా వీరభద్రప్ప ఇంట్లో టేపుచుట్ట పోయింది. చనిపోయిన భార్య అంబమ్మ గొంతు అందులో ఉంది. దాన్ని తిప్పే పెట్టె ఆదోని పత్తిమిల్లు మేనేజరు ఊరు వదిలిపోతూ అమ్మిన పాత టేపురికార్డరు. ఉన్నవాటిలో చవక రకం. ఆమె మాటను అది ఒక్కసారే పట్టింది.

"పిల్ల గొంతు లేని ఇంట్లో నాకేం పని" అని అత్త ఉరుకుందమ్మ ఏడాదిగా ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు రాలేదు. గొంతు ఉందని వీరభద్రప్ప కార్డు రాశాడు. ఈరోజు పది గంటల బస్సుకు వస్తోంది. ఆయన వంట కూడా చేసి పెట్టాడు.

చిక్కల్లా ఆ మాటలతోనే. "మా అమ్మ వస్తే నాకు పని రెట్టింపు. ఆ పెట్టె ఆపి రా, కూచో. అన్నం సల్లారిపోతాంది." ఇంతే ఉంది. మొదటి వాక్యం దగ్గర మీట తిప్పి శబ్దం తగ్గించాలని ఆయన మూడుసార్లు సాధన చేశాడు. నాలుగోసారికి ముందు పెట్టె దుమ్ము తుడుద్దామని చుట్టను తీసి అరుగు మీద పెట్టాడు. తిరిగి చూస్తే లేదు.

అది వీధిలోకి దొర్లింది. అక్కడ ఎదురింటి నేతగాడు తిక్కయ్య పడుగు సాచి గంజి పెడుతున్నాడు. టేపు పోగుల్లో చిక్కుకుని రెండు చోట్ల తెగింది. తెగిన పోగు కనబడితే తిక్కయ్య చేతులు ఊరుకోవు.

వెతికి వెతికి వీరభద్రప్ప అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

"ఇది నీదా అన్నా? ఏదో కొత్త పట్టనుకుంటి. రెండు సోట్ల తెగింటే గంజితో అతికించి, ఎండబెట్టి, సుట్టి పెట్టినా."

"మూడు ముక్కలూ అతికించినావా?"

"నడిమిది గంజి తాగి వంకర పోయింది. మూరెడుండాది, మెరుస్తాంది. పారేయడమెందుకని మగ్గం మీది తువ్వాల అంచులో ఏసి కోసినా. సూడు." భుజం మీది తువ్వాలు చూపించాడు.

"తిక్కయ్యా, అది నా పెండ్లాం మాటప్పా."

"అయితే గట్టి సరుకే. సిరగదులే."

బస్సు వచ్చింది. ఉరుకుందమ్మ గడప లోపలే, గోడకు ఆనుకుని కూర్చుంది. తన అతుకు నిలుస్తుందో లేదో చూడాలని తిక్కయ్య కూడా వచ్చాడు. పెట్టె వేడెక్కింది.

"మా అమ్మ" అంది అంబమ్మ. వీరభద్రప్ప చటుక్కున శబ్దం తగ్గించాడు.

"ఎందుకన్నా తగ్గిస్తావు? అతుకు ఇనపడద్దా?" అని తిక్కయ్య మీటను చివరికంటా తిప్పాడు.

అతుకు దగ్గర టక్కుమంది. "రా, కూచో. అన్నం సల్లారిపోతాంది."

వీధిలో గంజి పెడుతున్నవాళ్లు కుంచెలు దించారు. ఉరుకుందమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది.

"వస్తిని పాపా. కాళ్లు కడుక్కోని వస్తా."

రెండుసార్లు వడ్డించుకుని తిన్నది. "కూరలో ఉప్పు లేదల్లుడా. అమాసకు మళ్ల వస్తా, నేనే సేస్తా" అంది. పోయేముందు ఆమె చూపు తిక్కయ్య భుజం మీద ఆగింది.

"అంచు బాగుండాదే."

"నీకే తీసుకో పెద్దమ్మా."

ఉరుకుందమ్మ దాన్ని భుజాన వేసుకుని ఆదోని బస్సెక్కింది. అమావాస్యలు ఆరు గడిచాయి, ఒక్కదానికీ ఆమె రాకుండా ఉండలేదు, ఆ తువ్వాలు లేకుండానూ రాలేదు. అంచులో ఏముందో వీరభద్రప్ప ఆమెకు చెప్పడం ఇంకా మిగిలే ఉంది.