కరగనివ్వని గోడ

“దేశంలోనే మొట్టమొదటిసారిగా, తనంతట తానే మాయమయ్యే గోడను ప్రజలకు అంకితం చేస్తున్నాం,” అంటూ మంత్రిగారు రిబ్బన్ కత్తిరించారు. అంత ముందుచూపు ఎవరికుంటుంది చెప్పండి.

చెప్పులు కుట్టే పెద్దాయన కూడా చప్పట్లు కొట్టాడు. కూడలిలో తను ఇరవై రెండేళ్లుగా కూర్చున్న చోటే గోడకిచ్చాడు మరి. “నీ గొడుగు అక్రమ తాత్కాలిక కట్టడం. ఈ గోడ అధికారిక తాత్కాలిక కట్టడం. పదిహేను రోజులు మరుగుదొడ్ల వెనక్కి జరుగు,” అని మునిసిపాలిటీ ఆఫీసరుగారు మర్యాదగానే చెప్పారు.

గోడ కట్టిన కళాకారిణి ఇంకా మర్యాదస్తురాలు. “మట్టిలో గడ్డి విత్తనాలు కలిపాను బాబాయ్. వానకి కరిగిపోయి ఇక్కడే పచ్చిక మొలుస్తుంది. నువ్వు దాని మీదే కూర్చుందువుగాని.”

మూడో రోజు మబ్బు పట్టింది. ఆఫీసరుగారు పరుగున వచ్చి గోడకి టార్పాలిన్ కప్పించారు. ఐదో రోజుకి రేకుల కప్పు, ఏడో రోజుకి ఇనుప కంచె లేచాయి.

“సార్, అది తడవాలి,” అంది ఆ అమ్మాయి.

“మంత్రిగారు ప్రారంభించింది తడిస్తే నేను కొట్టుకుపోతానమ్మా.”

మరుగుదొడ్ల వెనక్కి పెద్దాయన్ని వెతుక్కుంటూ వచ్చే నాథుడే లేడు. పదిహేనో రోజు మొత్తానికి ఒక్క చెప్పు కుట్టాడు. “రెండోదేదీ?” అని పెళ్లాం అడిగింది. తెల్లారగానే ఆఫీసుకెళ్లాడు.

“గడువు అయిపోయిందండీ. నా చోటు నాకిప్పించండి.”

“వాన పడ్డ రోజు నుంచీ లెక్క. గోడ మీద పడిందా?”

“మీరు పడనిస్తేగా.”

ఆ జవాబుకి ముచ్చటపడి ఆఫీసరుగారు టోపీ, ఈల ఇచ్చి అతన్నే గోడకి కాపలా పెట్టారు. పాత చోటే, కాకపోతే చెప్పులు కుట్టకూడదు. తలపైన బోర్డు: ‘ప్రజాస్థలం. ప్రజలకు ప్రవేశం లేదు.’

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ అమ్మాయి రెండు బకెట్ల నీళ్లతో వచ్చింది. పెద్దాయన ఈల నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ తీసి జేబులో వేసుకున్నాడు.

“ఒకటి ఇలా ఇవ్వమ్మా. పైభాగం నీకందదు.”

నెలాఖరుకి మంత్రిగారు తనిఖీకి వచ్చారు. కంచె లోపల, రేకుల కింద, జానెడు పచ్చిక. దాని మీద టోపీ పెట్టుకుని కూర్చుని పెద్దాయన ఎవరిదో బూటు కుడుతున్నాడు.

“గోడ భద్రమేనా?” అన్నారు మంత్రిగారు.

ఆఫీసరుగారు ఒంటి బూటుతో నిటారుగా నిలబడి, “చుక్క నీరు తగలనివ్వలేదండీ,” అన్నారు.

మంత్రిగారు పచ్చిక వంక తృప్తిగా చూసి, “ఇలాంటివే ఇంకో పది కట్టించండి,” అన్నారు.